తాళం పడ్డ ఐదో పాఠం

తొమ్మిదో తరగతి పిల్లలు ఇంగ్లీషు టీచరమ్మకి పెట్టిన పేరు ‘మళ్ళీరాయి’. పదహారేళ్ళుగా ఎవరి నోటుపుస్తకం చేతికొచ్చినా, చివర ఎర్రసిరాతో ఆ రెండు మాటలూ పడాల్సిందే. తన పేరు సంగతి ఆవిడకీ తెలుసు. ఒకప్పుడు చాటుగా నవ్వుకునేది. భర్త పోయిన ఈ ఐదు నెలల్లో నవ్వూ లేదు, కోపమూ లేదు. పాఠం చెబుతుంటే తన గొంతు పక్కగదిలోంచి వినిపిస్తున్నట్టుండేది.

అందుకే హెడ్‌మాస్టరు ఆన్‌లైన్ కథల కోర్సేదో క్లాసులో పెట్టమంటే మారుమాట లేకుండా ఒప్పుకుంది. గోడమీద తెర, తెరమీద చలాకీగా ఒకావిడ. కథ ఎలా మొదలెట్టాలో ఆవిడే చెబుతుంది, ప్రశ్నలూ ఆవిడే వేస్తుంది. టీచరమ్మకి మిగిలిన పనల్లా మీట నొక్కి, కిటికీలోంచి సైకిళ్ళ షెడ్డు వైపు చూస్తూ కూర్చోవడం.

నాలుగు పాఠాలు అలా గడిచాక వచ్చింది చిక్కు. బడి మొత్తానికి ఉన్నది ఒకటే ఖాతా, అదీ టీచరమ్మ పేరిట. ‘మీరు మరచిపోలేని ఒక రోజు గురించి కథ రాసి పంపండి. మేము చదివి ఒప్పుకున్నాకే తర్వాతి పాఠం’ అంది కోర్సు. ఐదో పాఠం పక్కన చిన్న తాళం బొమ్మ.

“టీచర్, రాశారా?” రోజూ ఇదే గోల. “మాచేత మూడేసిసార్లు రాయిస్తారు, మీకో కథ రాదా?”

వారం రోజులు తప్పించుకుని, ఓ మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో నాలుగు ముక్కలు గీకి పంపింది. మర్నాడు క్లాసులో కంప్యూటర్ తెరవగానే జవాబు గోడంతా పరుచుకుంది: ‘ఇందులో అనుభూతి లేదు. దయచేసి మళ్ళీ రాయండి.’

క్లాసు ఒక్కసారిగా ఘొల్లుమంది.

“టీచర్‌కే మళ్ళీరాయి పడిందిరోయ్!”

“కథ చూపించండి టీచర్! మావన్నీ మీరు చదివారుగా!”

వద్దనడానికి కూడా ఓపిక కావాలి. ఆవిడ నొక్కేసింది. కథ గోడమీదికొచ్చింది.

‘జూలై పదిహేడు. ఒక టీచరుకి ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. భర్త పోయారన్నారు. సరేనంది. ఇంకా పదకొండు నోటుపుస్తకాలు మిగిలాయి. అవి దిద్దింది. పెన్నుకి మూత పెట్టి బయల్దేరింది.’

నవ్వులు ఆగిపోయాయి. కాగితాల చప్పుడు మొదలైంది. అందరూ తమ పుస్తకాల్లో జూలై పదిహేడు వెతుక్కుంటున్నారు.

రెండో బెంచీలో పొడుగుపిల్ల లేచింది.

“టీచర్, జన్మానికి ఒక్కసారే నాకు ‘బాగుంది’ అని రాశారు. ఇదిగో, ఆ రోజే. మా అమ్మ దీన్ని ఎదురింటావిడకి కూడా చూపించింది.” పుస్తకం ముందుకు చాపింది. “అయితే ఇది లెక్కలోకి రాదా టీచర్?”

టీచరమ్మ పుస్తకం అందుకుంది. పేజీ నిండా చీమల్లా తప్పులు. ఒక్కటీ దిద్దలేదు. కింద గుండ్రంగా, వణుకు లేకుండా, ‘బాగుంది’. రాసినట్టు గుర్తులేదు. కానీ అదే చివరి పుస్తకమని మాత్రం గుర్తొచ్చింది.

“వస్తుంది. కూర్చో.”

“మరి తప్పులో?”

“అవీ లెక్కలోకొస్తాయి. ‘బాగుంది’ మాత్రం అలాగే ఉంటుంది.”

ఆవిడ కుర్చీ లాక్కుని, అందరూ చూస్తుండగానే కథ చివర టైపు చేసింది: ‘చివరి పుస్తకంలో అన్నీ తప్పులే. దిద్దలేదు. బాగుంది అని రాసి చాలాసేపు చూస్తూ కూర్చుంది. అది మూసేస్తే ఇక లేవాలి. ఆమెకి లేవాలని లేదు’

“టీచర్, చివర చుక్క పెట్టలేదు,” అంది ముందు బెంచీ.

పెట్టింది. పంపింది.

మూడోరోజుకి తాళం బొమ్మ పోయింది. పిల్లలు బల్లలు చరిచారు. టీచరమ్మ మీట నొక్కి, ఎప్పట్లాగే కిటికీ వైపు తిరిగింది. షెడ్డులో ముప్ఫై రెండు సైకిళ్ళున్నాయి. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉంది కానీ, లెక్కపెట్టడం ఇదే మొదలు.