నా పేరు మీద ఉన్న నంబరు

నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. నేను హిందూపురంలో ఒక ఫోన్ కంపెనీ ఆఫీసులో పనిచేస్తాను. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆయనకు సిమ్ తీసిచ్చాను, నా ఆధార్ మీదే. మా ఇళ్లలో ఎవరి సిమ్ ఎవరి పేరు మీద ఉందో ఎవరూ పట్టించుకోరు.

పోలీసుల నుంచి ఉత్తర్వు వస్తే కాల్ లిస్టు తీసి, పేర్లతో సహా పంపడం నా పనుల్లో ఒకటి. పోయిన ఏడాది నేతగాళ్ల ధర్నా అయ్యాక, దాన్ని నడిపించినతని లిస్టు అడిగారు. తీశాను, పంపాను. విప్పి చూడలేదు. చూసుంటే అందులో నా పేరే కనిపించేది.

అది పంపాక వచ్చిన ఆదివారం ఇంటికి పోతుంటే రైలు పెనుకొండలో ఆగింది. అప్పుడు వచ్చింది పోలీసుల ఫోను.

"మేడమ్, మీ పేరు మీద ఇంకో నంబరుండాది, అదీ మీదేనా? వారంలో ఆ ధర్నా నడిపించినతనికి దాన్నుంచి పదకొండుసార్లు కాల్ పోయిండాది."

"నాది కాదు సార్, మా నాయన వాడతాడు" అనేశాను. నేను తప్పించుకోవడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

ఆ కాల్స్ ఎందుకో నాకు తెలుసు. అతను మా పక్క వీధివాడే. మగ్గం మీద కొత్త పడుగు దారాలను పాతవాటి కొసలకు ఒక్కొక్కటే అతకడంలో చెయ్యి తిరిగినవాడు. ధర్నా పనుల్లో పడి రాకపోతే, మగ్గం ఆగిపోయి నాయన ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఆ ముక్క పోలీసులకు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

ఇంటికి చేరి నాయన పక్కనే కూర్చుని సంగటి తిన్నాను. లిస్టు సంగతి బయట ఎవరికీ చెప్పకూడదని ఆఫీసు రూలు. రూలును అంత భక్తిగా పాటించడం నా సర్వీసులో అదే మొదలు. మరునాడు నాయనను తీసుకుపోయి, రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి వదిలేశారు.

ఆ వారమే కంపెనీ వకీలు వచ్చి మాకందరికీ ధైర్యం చెప్పాడు. ఉత్తర్వు ప్రకారం వివరాలిస్తే కంపెనీ మీద గానీ, ఉద్యోగుల మీద గానీ ఎవరూ కేసు వేయలేరట, చట్టం అడ్డముంటుందట. నాకు హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాతి ఆదివారం నాయనకు అంతా చెప్పేశాను. ఆయన మగ్గం ఆపి విన్నాడు.

"లిస్టు పంపితివి, సరే. అది నీ ఉద్యోగం. ఆ పొద్దు ఈడనే నా పక్కన కూర్చోని సంగటి తింటివే, అప్పుడన్నా ఒక మాట చెప్పగూడదా పాపా?"

"చెప్పకూడదని రూలు నాయనా."

ఆయన ఫోన్లోంచి సిమ్ తీసి నా చేతిలో పెట్టాడు.

"నీ పేరు మీద ఉండాది. నువ్వే పెట్టుకో."

వకీలు చెప్పినట్టే నా మీద ఏ కేసూ పడలేదు. నాయన తన పేరు మీద కొత్త సిమ్ తీసుకున్నాడు, అదీ మా కంపెనీదే. నంబరు మాత్రం నాకు ఇవ్వలేదు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటే ఒక్క నిమిషంలో దొరుకుతుంది. ఇంతవరకు వెతకలేదు.