ఒక్క చుక్క జిగురు

విశ్వవిద్యాలయంలో ప్రవేశాలు చూసే విభాగంలో ఆమెను అందరూ జిగురమ్మ అనేవారు. పద్దెనిమిదేళ్లుగా ఆమె పని ఒక్కటే. ఉపకారవేతనం కోసం వచ్చిన ప్రతి దరఖాస్తులోనూ పేరు, జాతి, ఉండే పేట కనబడకుండా తెల్ల చీటీ అంటించి, చీటీ మీదా కాగితం మీదా ఒకే అంకె వేయాలి. పేట పేరు చూసి ఎంపిక సంఘం వాళ్లు మొహం చిట్లించకూడదని ఆ ఏర్పాటు. చీటీ ఊడిన దరఖాస్తును చదవకుండానే పక్కన పెట్టేయాలి. ఇన్నేళ్లలో ఒక్కటీ ఊడలేదని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆమె చెప్పుకునేది.

ఆ ఏడాది ఉన్న ఒక్క ఉపకారవేతనానికి ఆమె కూతురూ, ఆ గది ఊడ్చే ఆవిడ కూతురూ పోటీపడ్డారు. జిగురమ్మను ఈసారి పనికి దూరంగా ఉండమనాలని ఎవరికీ తోచలేదు. ఆమె జిగురు మీద అందరికీ అంత నమ్మకం.

పిల్లలిద్దరిదీ ఒకే తరగతి. ఊడ్చే ఆవిడ కూతురికి ఎప్పుడూ నాలుగు మార్కులు ఎక్కువే. ఆ సంగతి వాళ్లమ్మ చీపురు పక్కన పెట్టి మరీ చెబుతుంటే జిగురమ్మకు ఒళ్లు మండిపోయేది. తన కూతురికి విడిగా గది, ఇద్దరు ట్యూషన్ మాస్టర్లు. ఆ పిల్ల చదివేది మెట్ల మీద. ఎక్కడిదో ఆ దిక్కుమాలిన తెలివి! జాలిపడాల్సిన చోట కుళ్లుకుంటున్నానని జిగురమ్మకు తెలుసు. తెలిసినంత మాత్రాన కుళ్లు తగ్గలేదు.

ఆ పిల్ల దరఖాస్తు చేతికొచ్చినప్పుడు చీటీ మధ్యలో ఒకే ఒక్క చుక్క జిగురు పెట్టింది. ఫ్యాను గాలికి అదే ఊడిపోతుందిలే అనుకుంది. తనేమీ పీకలేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది.

మర్నాడు పొద్దున వచ్చేసరికి ఊడ్చే ఆవిడ బల్ల దగ్గర కాచుకుని ఉంది. నేల మీద చీటీ ఒకటి దొరికిందట, అంకె వెతికి అంటించేసిందట.

"నాకు అక్షరాలు రావు గదక్కా, అంకెలే వచ్చు. సరిగ్గా పెట్టానో లేదో చూడండి."

జిగురమ్మ చూసింది. నాలుగు అంచులా దట్టంగా జిగురు. తన కూతురి చీటీకి కూడా అంత పట్టు లేదు.

"ఎవరిదో తెలుసా?"

"నాకేం తెలుసక్కా. ఎవరి కన్నబిడ్డదో."

 మళ్లీ ఊడదీయడానికి జిగురమ్మకు చెయ్యి రాలేదు.

నెల తిరిగేసరికి ఫలితాలు వచ్చాయి. ఉపకారవేతనం ఆ పిల్లకే. జిగురమ్మ కూతురు రెండో స్థానంలో ఆగిపోయి ఇంట్లో తలుపేసుకుని ఏడుస్తోంది. ఊడ్చే ఆవిడ తిన్నగా బల్ల దగ్గరికొచ్చి జిగురమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు పేట పేరు కప్పబట్టే మా పిల్ల రాసింది చదివారు. అంతా మీ చేతి చలవేనక్కా."

"సంతోషం," అంది జిగురమ్మ. కడుపులో మంట మాత్రం అలాగే ఉంది. చేతులు విడిపించుకోబోయింది. ఆవిడ వదల్లేదు.