పేరు ఇక్కడ, పిల్ల అక్కడ

మా పల్లెలో అంగన్‌వాడీ టీచరుగా నేను చేరినప్పుడు నా కూతురికి మూడేళ్లు. ఇప్పుడు నా కూతురి కూతురికి నాలుగేళ్లు. ఈ రెంటి మధ్యా నా జుట్టు నెరిసింది, సెంటరు గోడలకు నాలుగైదు సార్లు రంగులు మారాయి, నాకు బుద్ధి మాత్రం వచ్చిందో లేదో ఇప్పటికీ తెలియదు. చిన్నపిల్లలకు ఏది మంచి చదువు అని ఒకప్పుడు ఎవరైనా అడిగితే టక్కున చెప్పేదాన్ని. ఇప్పుడు అడిగితే కాసేపు ఆగి, మీరేమనుకుంటున్నారని ఎదురు అడుగుతున్నాను.

మాది చిలకలూరిపేటకు కాస్త ఇవతల. హైవేకి ఈ పక్కన మా పల్లె, ఆ పక్కన ఊరు. పల్లెలో ఎక్కువమంది కూలికి పోయేవాళ్లే. చర్చి వెనక ఒక గది ఉంది, అదే మా సెంటరు. మిరపకోతలు మొదలయ్యాయంటే ఆడవాళ్లు చీకటితోనే వంట ముగించుకుని, ఆరింటికల్లా ఆటోల్లో చేలకు వెళ్లిపోతారు. సెంటరు తీయాల్సింది తొమ్మిదింటికి. ఆరుకీ తొమ్మిదికీ మధ్య పిల్లలు ఎక్కడుండాలో ఏ కాగితంలోనూ రాసి ఉండదు. అందుకని కోతల రోజుల్లో నేనూ ఆయా ఆరింటికే తాళం తీసేవాళ్లం. తీయమని ఎవరూ చెప్పలేదు, తీసినందుకు ఎవరూ మెచ్చుకోనూ లేదు. తీయకపోతే ఆ తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, చేనుగట్టు మీద గోనెపట్టా పరిచి పడుకోబెడతారు. చిన్నప్పుడు నన్నూ అలాగే పడుకోబెట్టారు. ఆ మిరప ఘాటు ముక్కుకెక్కితే ఏడవాలో తుమ్మాలో తెలియదు పసిదానికి.

కిందటేడు మీటింగులో మాకో కొత్త సంగతి చెప్పారు. అంగన్‌వాడీ అంటే ఇక ఉత్త గుడ్డూ పాలూ కాదట, మంచి ప్రీస్కూలట. ప్రభుత్వం డబ్బు పెడుతోంది, చిన్న చిన్న కుర్చీలొస్తాయి, ఆటవస్తువుల పెట్టె వస్తుంది, టీవీ వస్తుంది, మాకు ట్రైనింగులు ఇస్తారు. కాన్వెంటుకు పంపే తాహతు లేని పిల్లకు కూడా కాన్వెంటును మించిన బడి దొరకాలి అన్నారు. ఆ మాట విని నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ పగిలిన పలకలతో, కాలం చెల్లిన చార్టులతో నెట్టుకొచ్చినదాన్ని. ఆ సంతోషం తీరకముందే రెండో సంగతి చెప్పారు. పిల్లలు సరిపడా లేని సెంటర్లను పక్క సెంటర్లో కలిపేస్తారు.

మాది కలిపితే హైవే అవతల ఊళ్లో బడి దగ్గరున్న దాంట్లో కలుస్తుంది. ఆ రోడ్డు మీద జిన్నింగు మిల్లులకు పోయే పత్తి లారీలు, చీమకుర్తి నుంచి వచ్చే రాళ్ల లారీలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. తల్లులు ఆరింటికే వెళ్లిపోతే మూడేళ్ల పిల్లను ఆ రోడ్డు ఎవరు దాటిస్తారు? ఎవరూ దాటించరు. పిల్లలు మళ్లీ చేనుగట్టుకే పోతారు. అంత మంచి బడి వస్తోందని చెప్పిన నోటితోనే ఉన్నది పోతుందంటే, నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

రిజిస్టరు చూస్తే మాకు పిల్లల కొరత లేదు. గదిలో చూస్తేనే కొరత. మా పల్లెలో ఒక అలవాటు ఉంది. కాస్త చేయి ఆడే ఏ ఇంట్లో అయినా పిల్ల పేరు నా దగ్గర రాయిస్తారు, పిల్లను మాత్రం పచ్చబస్సు ఎక్కించి పేటలో కాన్వెంటుకు పంపుతారు. గుడ్డు ఇక్కడిది, ఇంగ్లీషు అక్కడిది. ఇందులో తప్పుందని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు. ఇప్పుడు పేర్లు చాలవు, గదికి వచ్చిన ఒక్కో పిల్ల ముఖం ఫోన్లో ఫొటో తీసి హాజరు వెయ్యాలి అనేసరికి అందరం కుడితిలో పడ్డ ఎలుకల్లా అయ్యాం.

సరే, ఇల్లిల్లూ తిరిగాను. ట్రైనింగులో నేర్పిన మాటలన్నీ అప్పజెప్పాను. ఈ వయసులో పెన్సిలు పట్టించకూడదు, ఆడించాలి, కథలు చెప్పాలి, రంగులు గుర్తుపట్టనివ్వాలి, అప్పుడే బుర్ర వికసిస్తుంది అన్నాను. నాలుగిళ్లలో తలలూపారు. అయిదో ఇంట్లో, నా దగ్గరే ఉగ్గుపాలనాటి నుంచీ పెరిగిన ఒక పిల్లతల్లి, గిన్నెలు తోముతూ తల కూడా ఎత్తకుండా అడిగింది.

"మీ మనవరాలు యాడ చదువుతుందక్కా?"

అందులో వెటకారం కూడా లేదు. మామూలుగా, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది. నా మనవరాలు పచ్చబస్సులో పోతుందని పల్లెలో కుక్కలకు కూడా తెలుసు. ఫీజులో సగం నా జీతంలోంచే పోతుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని నా మీద నాకే కోపం వచ్చి, ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక సెంటరుకొచ్చి ఆయాతో పోట్లాడాను.

నా కూతురు పేటలో స్పిన్నింగు మిల్లులో పనిచేస్తుంది. అల్లుడు లారీ మీద పోతాడు, నెలకు రెండు మూడు సార్లు కనపడతాడు. తల్లీకూతుళ్లు నా దగ్గరే ఉంటారు. ఆ సాయంత్రం కూతుర్ని కూర్చోబెట్టుకుని మెల్లగా మాట తీశాను. పిల్లను కొన్నాళ్లు మన సెంటరుకు పంపకూడదా అన్నాను. కాన్వెంటులో ఇచ్చే రాతపని దానికి ఎక్కువవుతోందని, నిన్న పెన్సిలు చేతిలో పట్టుకునే నిద్రపోయిందని గుర్తు చేశాను. కూతురు మామూలుగానే వింది. చివరికి ఒక్క మాటంది.

"నేను నీ సెంటర్లోనేగా చదివిందమ్మా. నాకేం వచ్చింది?"

ఇంటరు తప్పి మిల్లులో చేరిన పిల్ల అది. అప్పట్లో మా సెంటరులో ఏముందని? మిట్టమధ్యాహ్నం పొడి ఉప్మా పెట్టి, నలభై మందిని గోనెల మీద పడుకోబెట్టి, ఏడ్చినవాళ్లను జోకొట్టడమే నా చదువు. ఆటవస్తువు అంటే అగ్గిపెట్టెలు, చింతపిక్కలు. అప్పుడు పెట్టాల్సిన డబ్బు ఇప్పుడు పెడుతున్నారమ్మా, ఇప్పుడు వేరు అని చెప్పాలనుకున్నాను. కానీ అప్పుడు కూడా నేను దాన్ని ముద్దు చేస్తూ మా సెంటరే మంచిదని చెప్పినదాన్నే. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఇంకో నిజం కూడా చెప్పాలి. కాన్వెంటులో నేర్పిన ఇంగ్లీషు పాటలు నా మనవరాలు గడగడా పాడుతుంటే నాకు గర్వంగా ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక చుట్టాలందరి ముందూ దాన్ని నిలబెట్టి నేనే పాడించేదాన్ని. సోమవారం పొద్దున పిల్లలకు అవన్నీ వద్దని తల్లులకు చెప్పేదాన్ని. రెండూ మనస్ఫూర్తిగానే చేశాను, అదే నాకు అర్థం కానిది.

కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, రేపు సూపర్‌వైజరు మేడమ్ వచ్చి పిల్లల్ని చూస్తారని కబురొచ్చింది. ఎంత బతిమాలుకున్నా, మాకు కావలసిన లెక్కకు ఒక్క పిల్ల తగ్గింది. కూతురు తెల్లవారుజాము షిఫ్టుకు వెళ్లిపోయింది. మనవరాలికి జడలేసి బస్సెక్కించడం రోజూ నా పనే. ఆ రోజు టై, బెల్టు పక్కన పెట్టి మామూలు గౌను తొడిగాను. బస్సు ఆయమ్మకు ఫోను చేసి పిల్లకు జ్వరమని చెప్పాను. చర్చి గోడ పక్కనే నిలబడి చెప్పాను, అబద్ధం తేలిగ్గానే వచ్చింది. ఇవాళ స్కూలు లేదా అని పిల్ల అడిగితే, ఇదీ స్కూలే అన్నాను. అప్పటికి అది కూడా అబద్ధమో నిజమో నాకు తెలియదు.

మేడమ్ మంచిమనిషి. కసిరే రకం కాదు. చాప మీద పిల్లల మధ్యే కూర్చుని, కొత్తగా వచ్చిన పూసల డబ్బా తెరిచి, ఎర్రవి, తెల్లవి, నారింజరంగువి కలిపి కుప్ప పోసింది. మూడు గిన్నెలు పెట్టి, ఏ రంగువి ఆ రంగు గిన్నెలో వెయ్యమంది.

మా పిల్లలు సెలవు రోజుల్లో తల్లుల పక్కన మిరప కల్లంలో కూర్చునేవాళ్లు. అక్కడ రోజంతా జరిగేది ఒకటే పని. ఎర్రగా నిగనిగలాడే కాయలు ఒక పక్క, రంగుపోయి తెల్లబడ్డ తాలు కాయలు ఇంకో పక్క. పూసల కుప్ప కనపడగానే వాళ్ల చేతులు వాటంతట అవే కదిలాయి. నేను కూడా అంత వేగంగా ఏరలేను. ఎర్రపూసలన్నీ గిన్నెలో పడ్డాయి. తెల్లపూసల్ని మాత్రం గిన్నెలో వెయ్యకుండా వెనక్కి, గోడవారకు విసిరేశారు. ఒక పిల్ల నారింజరంగు పూసల్ని ఒళ్లో వేసుకుని వెళ్లి గుమ్మం బయట ఎండలో పరిచింది. ఎందుకమ్మా అని మేడమ్ అడిగింది.

"ఇయ్యి దోరయండీ. ఎండితే ఎర్రగవుతయ్."

మేడమ్‌కు ఏమీ అర్థం కాలేదు. మరి తెల్లవి ఎందుకు పారేశారని అడిగితే, అవి తాలు అని ముగ్గురు ఒకేసారి జవాబిచ్చారు. ఆమె నా వంక చూసింది. నేను చెప్పాల్సింది ఎంతో ఉంది. ఈ పిల్లలు రంగు ఒక్కటే చూడలేదని, ఏది పండింది, ఏది పండబోతోంది, ఏది చెడిందని చూశారని, మీరు ట్రైనింగులో చెప్పిన చదువు ఇదేనేమోనని చెప్పాలి. కానీ ఇది చదువా, లేక వాళ్ల బతుకే వాళ్ల చేతుల్లోకి వచ్చేసిందా? వీళ్లను కల్లం నుంచి తప్పించాలనే గదా ఈ సెంటరు? సంతోషించాలో దిగులుపడాలో తేల్చుకోలేక గోడవార పడ్డ తెల్లపూసలు ఏరడానికి వంగాను.

అప్పుడు నా మనవరాలు లేచింది. అది కల్లం మొహం ఎప్పుడూ చూడలేదు. చేతులు కట్టుకుని గుడ్‌మార్నింగ్ చెప్పి, కూర్చుని, మూడు రంగులూ మూడు గిన్నెల్లో పొందిగ్గా వేసి, ఒక్కో గిన్నె చూపిస్తూ రెడ్, వైట్, ఆరెంజ్ అంది. మేడమ్ ముఖం వెలిగిపోయింది. పిల్లను దగ్గరకు తీసుకుని, టీచరుగారూ, మీ సెంటరు పిల్లలందరూ ఇలా తయారవ్వాలి అంది. ఫోనులో దాని ఫొటో తీసుకుంది. గుమ్మం బయట నారింజపూసలు ఎండుతూనే ఉన్నాయి. వాటిని పరిచిన పిల్ల తల వంచుకుని కూర్చుంది. ఆ పిల్ల వైపు చూడలేకపోయాను. ఆ మెప్పు నాది కాదని, కాన్వెంటుదని చెప్పడానికి నోరు తెరవనేలేదు. ఇవాళ్టిదాకా చెప్పలేదు.

కొన్నాళ్లకు మా సెంటరును కలపడం లేదని కబురొచ్చింది. చిన్నకుర్చీలు వచ్చాయి, ఎరుపూ నీలమూ. తల్లులు వచ్చి వాటిని తడిమి తడిమి చూసుకున్నారు. గిన్నెలు తోముతూ నన్ను అడిగిన పిల్లతల్లే ముందుగా వచ్చి, మీ మనవరాలికి నేర్పినట్టే మా వాళ్లకూ నేర్పక్కా అంది. మేడమ్ మెచ్చుకున్న సంగతి పల్లెంతా పాకింది మరి, పచ్చబస్సెక్కే పిల్లే అయినా ఇంట్లో నేర్పింది నేనేననుకున్నారు. ఆరింటికి తాళం తీస్తే ఇప్పుడు గది నిండా పిల్లలే. నేను గెలిచానో, ఎవరినో మోసం చేశానో తేలక, వచ్చిన ప్రతి తల్లికీ అలాగేనమ్మా అంటున్నాను.

మేడమ్ వచ్చి వెళ్లిన రోజు సాయంత్రం, ఆ సంగతి నా కూతురి దగ్గర దాచలేకపోయాను. నేను చెప్పే లోపు పిల్లే చెప్పేసింది. తిడుతుందని సిద్ధంగా కూర్చున్నాను. కూతురు గుమ్మంలో కూర్చుని జుట్టులో చిక్కుకున్న దూది తుక్కు దువ్వెనతో దులుపుకుంటోంది. కోపం లేదు. పిల్ల తను వచ్చినప్పటి నుంచీ పూసల గురించే చెబుతోందని, రేపు కూడా అక్కడికే పోతానంటోందని చెప్పింది. దువ్వెన ఒళ్లో పెట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"నువ్వు చెప్పమ్మా. నువ్వు బాగుంటదంటే రేపే కాన్వెంటు మానిపిస్తా. నన్ను చదివించినట్టు ఉండదని చెప్పు, చాలు."

నా కూతురు మొదటిసారి నన్ను తల్లిగా కాదు, టీచరుగా అడిగింది. ఉండదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. సెంటరు కోసం అంటున్నానా, పిల్ల కోసం అంటున్నానా అని నాకే తెలియకుండా ఎలా అనను? కోతలు అయిపోనివ్వు, చెబుతాను అన్నాను.

కోతలు అయిపోయాయి, కల్లాలు ఖాళీ అయ్యాయి, నా మనవరాలు కాన్వెంటుకే పోతోంది. కూతురు మళ్లీ అడగలేదు. నేను చెప్పకపోవడమే నా జవాబు అనుకుందేమో.