ఏడేళ్ల అనుభవం

మా టైపు మేడమ్ పోయారని పోయిన వారం బళ్లారి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది నాతోపాటు ఆమె దగ్గర నేర్చుకున్న స్నేహితురాలు. ఎనభై దాటిన మేడమ్, పొద్దున కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే వెళ్లిపోయారట. ఇద్దరం కాసేపు ఏడ్చాం. తర్వాత ఆమె మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ ఎంత నవ్వామంటే, పక్క గదిలోంచి మావారు వచ్చి, "చావు కబురన్నావు కదా?" అని అడిగారు.

అలాంటి మనిషి గురించి దిగాలుగా రాయడం నాకు చేతకాదు.

బళ్లారి బజారులో, ఒక బట్టల కొట్టు పైన ఆమె ఇన్‌స్టిట్యూట్ ఉండేది. తరతరాల వ్యాపారుల ఇంటి ఆడపడుచు. అన్నదమ్ములు కింద బట్టలు అమ్మితే ఆమె పైన టైపు నేర్పేవారు. తొంభైల చివర్లో, యాభై దాటాక, ఒక కంప్యూటర్ కొని, పుస్తకాలు ముందేసుకుని తనంతట తానే నేర్చుకున్నారు. పాత పట్టుచీరతో దానికి ముసుగు కుట్టారు. రోజూ ఆ ముసుగు తీస్తూ, "లెయ్యప్పా, పనుండాది" అని దాన్ని పలకరించేవారు.

మాది కంప్లి దగ్గర ఎమ్మిగనూరు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకున్న కుటుంబం. డిగ్రీ అయ్యాక నేను రోజూ బస్సులో బళ్లారి వచ్చి నేర్చుకునేదాన్ని. ఒకరోజు మేడమ్ ఉద్యోగాలకు పంపే బయోడేటా తయారు చేసుకోమన్నారు. రెండు రోజులు కష్టపడి చేశాను. చుట్టూ పూల అంచు, నాలుగు రకాల అక్షరాలు, పేరు కింద నెమలి. మేడమ్ కళ్లజోడు పైకి తోసుకుని చూశారు.

"ఏంది పాపా ఇది? అంతా బాగుండాది గానీ ముహూర్తం రాయలేదే?"

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె నా ఫైలు మూసేసి ఖాళీ తెర తెరిచారు. "ముందు మాట రాయి. సింగారం మిషను చేసుకొంటాది."

ఆమె పద్ధతి ఇదీ. అంతా మామూలు అక్షరాల్లోనే రాయాలి. శీర్షిక అయితే ఆ వరుస మొదట్లో ఒక చుక్క, లావుగా పడాల్సిన మాటకు అటూ ఇటూ నక్షత్రం గుర్తు. అంతే. ఆ గుర్తుల్ని చదివే చిన్న ప్రోగ్రాం ఒకటి ఆమే నెల రోజులు కూర్చుని రాసుకున్నారు. ఒక మీట నొక్కితే ఆ ఫైలు ప్రింటర్లోంచి చక్కటి కాగితంగా వచ్చేది. ఇంకో మీట నొక్కితే అదే ఫైలు ఇంటర్నెట్‌లో పెట్టే పేజీగా మారేది.

పేరు, చదువు రాసి, "అనుభవం" దగ్గర ఆగిపోయాను.

"అక్కడ ఏమీ లేదు మేడమ్."

"ఇంట్లో ఏం చేస్తాంటావు?"

"ఊరికే ఉంటాను."

"ఊరికే ఎవరుంటార్లే! నిన్న ఎందుకు రాలేదు?"

"కాలువ ఆఫీసుకు అర్జీ రాయాల్సి వచ్చింది. చివరి పొలాలకు నీళ్లు అందలేదు. మావాళ్లకు కన్నడం రాయడం రాదు కదా, తొమ్మిదో తరగతి నుంచీ నేనే రాస్తున్నా."

మేడమ్ కుర్చీ నా పక్కకు జరుపుకున్నారు. "రాస్తే నీళ్లు వచ్చినాయా?"

"చాలాసార్లు వచ్చాయి."

"మరి అది అనుభవం గాకుంటే ఇంకేందే పిల్లా? రాయి!"

రాశాను. 'కాలువ నీటి కోసం రైతుల తరఫున కన్నడంలో, ఇంగ్లీషులో అర్జీలు రాయడం, 6 ఏళ్లు.' నా గురించి నేను రాసుకున్న మొదటి మంచి మాట అది.

నా బయోడేటా పేజీ ఇంటర్నెట్‌లోకి ఎక్కిందని ఆ సాయంత్రం ఇంట్లో గొప్పలు చెప్పాను. నాన్న చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఆడపిల్ల పేరు లోకమంతా చూసేట్టు పెట్టడమేంటి? నువ్వింక బళ్లారి పోనక్కర్లేదు. రేపు నేనే వచ్చి తీయించేస్తా."

మర్నాడు ఇద్దరం బస్సులో బళ్లారి వచ్చాం. మెట్లెక్కి నాన్న నిలబడే చెప్పారు. "మా పిల్ల పేరు తీసెయ్యండి."

"తీసేస్తామప్పా, దాందేముంది. తీసేముందు ఏం రాసిండామో వినండి" అని మేడమ్ ఒక్కో వరుసా తెలుగులో చెబుతూ చదివారు. అర్జీల వరుస చదివాక ఆగారు. నాన్న తల వంచుకుని ఉన్నారు. ఇదే ఆఖరి రోజనుకుని నేను నా సంచి దగ్గరకు లాక్కున్నాను.

"తప్పు రాశారండీ" అన్నారు నాన్న. "ఆరు కాదు, ఏడేళ్లు. మొదటిది ఎనిమిదో క్లాసులో రాసింది. ఆ ఏడు మా మడికి నీళ్లొచ్చాయి."

మేడమ్ ఫైలు తెరిచి ఒక్క అంకె మార్చారు. రెండు మీటలు నొక్కారు. కాగితం వచ్చింది, పేజీ మారింది. "అష్టే అప్పా, అంతే. ఒకచోట దిద్దితే అన్ని చోట్లా దిద్దుకొంటాది."

నాన్న ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. పేరు తీసెయ్యమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

పేజీని పదకొండు సార్లు చూశారని అడుగున అంకె కనిపిస్తే, "దాంట్లో తొమ్మిది నేనే" అనేవారు మేడమ్. మిగిలిన ఇద్దరిలో ఒకరు, కూరెకుప్ప వైపు కొత్తగా తెరిచిన ఒక లారీల ఆఫీసు మేనేజరు. మూడు భాషల్లో రాయగల మనిషి కావాలని మేడమ్‌కు మెయిల్ పంపాడు. ఇంటర్వ్యూలో అతను అడిగింది ఒక్కటే. పాడైన రోడ్డు మీద అర్జీ రాసి చూపించమన్నాడు. నాకు నవ్వొచ్చింది, అంత సులువైన ప్రశ్న. ఇప్పుడు ఉద్యోగాల కోసం నా దగ్గరికి వచ్చే పిల్లల కాగితాల్లో "అనుభవం" ఖాళీగా కనిపిస్తే, నేను కూడా కుర్చీ దగ్గరకు జరుపుకుని అడుగుతాను, ఇంట్లో ఏం చేస్తుంటావని.

ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి నేను మెట్లెక్కిన రోజు మేడమ్ కింద నుంచి బొరుగుల ఒగ్గరణె, మిరపకాయ బజ్జీలు తెప్పించారు. టైపు మిషన్ల ముందున్న పిల్లలందరినీ వరుస చివర గంట మోగే అక్షరం ముందు దాకా కొట్టి ఆగమన్నారు. చెయ్యెత్తి, "ఊఁ!" అన్నారు. ఇరవై మిషన్ల గంటలు ఒక్కసారిగా గణగణమన్నాయి. కింద బజారులో బేరాలు ఆగి జనం తలలెత్తి చూశారు. మేడమ్ కిటికీలోంచి సగం బయటికి వంగి, బజ్జీ ఉన్న చెయ్యి ఊపుతూ, నోట్లోది మింగకుండానే, నా పేరు వాళ్లందరికీ అరిచి చెబుతున్నారు.