ఫోటో కోసం తిప్పిన దిమ్మ

నిరుడు బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో మేరీ పెట్టిన, కంప్యూటర్ ప్రోగ్రాంతో లోహాన్ని చెక్కే సీఎన్‌సీ వర్క్‌షాపు గురించి మా పత్రికకు రాయడానికి వెళ్లాను. గని కార్మికుల ఇంటి అమ్మాయి. ఆ రోజు చెక్కాల్సిన ఉక్కు దిమ్మ ఒక్కటే ఉంది. అది పాడైతే దాన్ని పంపిన కంపెనీ మళ్లీ పని ఇవ్వదు.

కట్టర్ నేరుగా గట్టి లోహంలోకి దిగితే విరుగుతుంది. అందుకే మేరీ దిమ్మకు ఒక మూల రంధ్రం వేసి, కట్టర్ అక్కడే దిగేలా ప్రోగ్రాం రాసింది. ఆమె టీ తేవడానికి వెళ్లగానే భర్త జోసెఫ్ దిమ్మను తిప్పి బిగించాడు.

"బొక్క ఫోటోలో పడాల గదప్పా!" అన్నాడు నాతో.

మేరీ వచ్చి స్టార్ట్ నొక్కింది. నేను కెమెరాలోంచి చూస్తున్నాను. రంధ్రం నా వైపు మూల ఉంది, కట్టర్ అవతలి మూలకు దూసుకుపోతోంది. కెమెరా దించి అరిచాను.

"అమ్మా, బొక్క ఈ పక్కుంది!"

మేరీ ఎర్ర బటన్ మీద చెయ్యి కొట్టింది. కాగితం పట్టేంత ఎడంలో కట్టర్ ఆగింది.

"దీన్ని ఎవురు తిప్పింది?"

"ఫోటోకని..." నసిగాడు జోసెఫ్.

"పెండ్లికూతురనుకున్నావా, మొగం ఇటు తిప్పేదానికి?"

మేరీ దిమ్మను మళ్లీ మొదటి వైపుకే తిప్పి బిగించాక తీసిన ఫోటోయే పత్రికలో వచ్చింది; అందులో రంధ్రం కనిపించలేదు. ఇప్పటికీ ఫోటో తీసేటప్పుడు "కొంచెం ఇటు తిరగండి" అనబోయి ఆగిపోతుంటాను.