సున్నా వస్తే తలుపు తియ్యాలి

సి లాంగ్వేజీలో ఫంక్షన్లకు పేర్లు పెట్టిన మహానుభావుడు తన పిల్లలకు పేర్లు పెట్టే పని మాత్రం ఇల్లాలికి వదిలేసి ఉంటాడని ఆశ. గెట్‌చార్, గెట్‌చ్, గెట్‌చీ అని ముగ్గురుండేవారు. ముగ్గురి పనీ కీబోర్డు నుంచి ఒక్క అక్షరం తేవడమే. ఎవరు ఎంటర్ నొక్కేదాకా ఆగుతారో, ఎవరు ఆగరో పేరు చూసి చెప్పడం బ్రహ్మ తరం కూడా కాదు.

రెండు వేల మూడులో ఖమ్మంలోని ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో నేను ల్యాబ్ చూసుకునేదాన్ని. పాఠం చెప్పాలని మహా కోరిక. పరీక్ష ప్రశ్నలకు పాస్‌వర్డుతో తాళం వేసే ప్రోగ్రామ్ రాస్తే సి క్లాసు నాకే ఇస్తానన్నారు ఇన్‌స్టిట్యూట్ నడిపే సారు. రెండు మాటలను పోల్చడానికి స్ట్రింగ్ కంపేర్ అనే ఫంక్షన్ ఉంది. రెండూ ఒకటైతే అవునంటుందని రాసేశాను. పేరు అంత స్పష్టంగా ఉన్నాక నడిపి చూడడమెందుకని నా పొగరు.

శనివారం పిల్లలందరి ముందు సారు పాస్‌వర్డు కొట్టారు. తప్పు అంది. మళ్లీ కొట్టారు. మళ్లీ తప్పే. ఒళ్లు మండి అరచేత్తో కీబోర్డు మీద ఒక్కటిచ్చారు. స్వాగతం అంటూ ప్రశ్నలన్నీ తెర మీద పరిచింది. పిల్లలు భక్తిగా నోట్‌బుక్కులు తీశారు.

"సోమవారం దాక టైమిస్తున్న. సక్కగ చెయ్యకుంటే క్లాసు గాదు, ల్యాబ్ గూడ మర్చిపో," అన్నారు సారు.

మా ఊరు మణుగూరు వెళ్లే బస్సులో పుస్తకం తిరగేశాను. రెండూ ఒకటైతే ఆ ఫంక్షన్ సున్నా ఇస్తుందట. సి భాషలో సున్నా అంటే కాదు, ఇంకే అంకె అయినా అవును అని. తిరగేసి రాయడం నిమిషం పని. సోమవారం ఎందుకని అడిగితే ఏం చెప్పను?

ఇంటికి చేరేసరికి నాన్న బొగ్గుబావిలో షిఫ్టు ముగించుకుని వస్తున్నాడు. అమ్మ గుమ్మంలో రోజూ అడిగేదే అడిగింది. "ఏంది సంగతి?"

"ఏం లేదు."

పాతికేళ్ల సంసారానికి ఇంతేనా కబుర్లు అని నాకెప్పుడూ నవ్వు. అన్నం దగ్గర నా గోడంతా నాన్నకు వెళ్లబోసుకున్నాను.

"అది అవునో కాదో చెప్తలేదు బిడ్డా. తేడా ఎంతున్నదో చెప్తున్నది," అన్నాడు, కంప్యూటర్ ముఖం చూడని మా నాన్న. "షిఫ్టుకు ముందుగాల నేను దిగి, దీపం పట్టి పేలే గ్యాసు ఉన్నదేమో చూస్త. ఏం లేదంటెనే మంది లోపల్కి పోతరు. ఏమన్న ఉన్నదంటె ఒక్కడు గూడ పోడు."

సోమవారం తాళం బుద్ధిగా పనిచేసింది. సున్నా ఎందుకని సారు అడిగితే నాన్న చెప్పిందే చెప్పాను. క్లాసు నాకిచ్చారు.

ఆ వార్త మోసుకుని మరుసటి శనివారం ఇంటికి వెళ్లాను. వీధిలో నాన్న చెప్పుల చప్పుడు వినగానే నా వార్త నేనే మరిచి, అమ్మ కంటే ముందు గుమ్మంలోకి ఉరికాను.

"ఏంది సంగతి నాయినా?"

"ఏం లేదు," అన్నాడు.

అమ్మ అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్లింది. నాకు ఏడుపు ఆగలేదు.