ఒకే కాడికి పెద్దోడూ చిన్నోడూ

ఇప్పుడు నన్ను చూసినవాళ్ళు నమ్మరు గానీ, ఆ రోజుల్లో నాకు నోరుందన్న సంగతి మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. మూడు భాషలు వచ్చిన మనిషి ఒక్కదాంట్లోనూ పెదవి కదపకుండా ఉండడం ఎలాగో తెలుసుకోవాలంటే నా దగ్గరికే రావాలి. తేని పక్క పల్లెటూరి నుంచి కోయంబత్తూరుకి ఉద్యోగానికి వచ్చి, ఆర్.ఎస్. పురంలో మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. అమెరికాలో ఎవరో ఆసుపత్రికి పోతే ఆ బిల్లులు సరిచూడడం మా పని. పని బాగానే వచ్చింది. చిక్కంతా గురువారం సాయంత్రం వచ్చే కాల్‌తోనే. అటు అమెరికావాళ్ళు, ఇటు మేము. అందరూ ఏదో ఒకటి చెప్పాలి. నేను మైకు మూసేసి, కెమెరా కూడా లేని ఆ కాల్‌లో, వినయంగా తల ఊపుతూ కూర్చునేదాన్ని. (ఎవరు చూస్తారని ఊపానో ఇప్పటికీ తెలియదు.)

మా టీమ్ లీడర్ కోయంబత్తూరు పక్క తెలుగాయనే. మంచివాడే గానీ, చెడ్డవార్త చెప్పాల్సి వస్తే నేరుగా చెప్పలేడు. ముందు కాఫీకి పిలుస్తాడు. "కాఫీ తాగుదామా" అని ఎవర్నైనా అడిగాడంటే వాళ్ళకి గండం వచ్చినట్టే. అందుకే వెనకాల అందరం కాఫీ సార్ అనేవాళ్ళం. ఆగస్టు నడుమ, తమిళుల ఆడి మాసం అయిపోవస్తుండగా ఒక రోజు నన్ను పిలిచాడు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ప్రొబేషన్‌లో ఉన్నాను. కాఫీ వచ్చింది, చల్లారింది, అప్పుడు నోరు తెరిచాడు.

"పని బాగానే చేస్తాండావమ్మా. అయితే నువ్వు ఉండావా లేవా అనేదే అక్కడోళ్ళకి తెలియలే. తెలియని మనిషిని ఖాయం చెయ్యమని నేనెట్ట రాసేది?"

దానికి మందు కూడా ఆయనే చెప్పాడు. అమెరికా టీమ్‌వాళ్ళు ఏటా ఒక ఆట ఆడతారట. ఫాంటసీ ఫుట్‌బాల్. ఈసారి ఒకరు మానుకున్నారు, చోటు ఖాళీగా ఉంది, అక్కడ నా పేరు ఇచ్చేశాడట. ఆట వంకతోనైనా నాలుగు మాటలు మాట్లాడతానని ఆయన ఆశ. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదేగా అనుకున్నాను. తీరా చూస్తే ఈ ఫుట్‌బాల్‌ని చంకలో పెట్టుకుని పరిగెత్తుతారు. మనం ఆడేది కూడా లేదు. నిజం ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకుని మన జట్టులో రాసుకోవాలి. అక్కడ మైదానంలో వాళ్ళు పరిగెత్తితే ఇక్కడ మనకి పాయింట్లు. అందరికన్నా గిరాకీ రన్నింగ్ బ్యాక్‌లకట. అంటే బంతి పుచ్చుకుని జనం మధ్యలోంచి దూసుకుపోయేవాళ్ళు. పరుగు అనేసరికి నాకు ధైర్యం వచ్చింది. మా తాత రేక్లా బండి పందేలకి ఎద్దుల్ని పెంచేవాడు. పరుగు గురించి మా ఇంట్లో తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

ఇక ఆ నెలంతా నాకు అదే చదువు. సీజన్ మొదలయ్యే ముందు ఒక్కో జట్టులో ఎవరు పరిగెత్తాలని పోటీ జరుగుతుంది, రోజూ వార్తలు వస్తాయి. నా మనసు ఒక జట్టు మీద పడింది. అందులో ఇద్దరు. ఒకడు పాతకాపు, నెమ్మది మనిషి. రెండోవాడు కొత్తగా వచ్చినవాడు, కుదురు లేని కాళ్ళు. వాళ్ళ పేర్లు నోరు తిరగక పెద్దోడు, చిన్నోడు అని పెట్టుకున్నాను. ఇవాళ పెద్దోడు బాగా చేశాడు, నిన్న చిన్నోడు మెరిశాడు, పోటీ ఇంకా తేలలేదు అని రాసేవాళ్ళు. ఆ పోటీ దేనికో నాకు ఇట్టే అర్థమైపోయింది. కాడికి కుడిపక్క కట్టేది వలపటెద్దు, ఎడమపక్కది దాపటెద్దు. మా ఊళ్ళో ఎవరు కొత్త జత తెచ్చినా మొదట్లో ఇదే రచ్చ: వలపట ఏది, దాపట ఏది? వీళ్ళకీ అదే తగువు కాబోలు అనుకున్నాను. పైగా ఒక వీడియోలో బంతి విసిరేవాడికి అటొకడు ఇటొకడు నిలబడి కనిపించారు. ఇంకేం, జతే.

వారాంతంలో ఊరికి పోయి ఆ వీడియో తాతకి చూపించాను. అప్పుడు మా ఇంట్లో మైలోడు, ఎర్రోడు అని ఒక జత ఉండేది. మైలోడు పరుగులో గాలి. ఎర్రోడికి పరుగు అంతంత మాత్రం. ఆ వారమే మదురై నుంచి ఒక పెద్దమనిషి వచ్చి మైలోణ్ణి మాత్రం ఇమ్మని, ఎంతైనా ఇస్తానని బతిమాలి పోయాడు. తాత ఆయనకి మజ్జిగ పోసి పంపించేశాడు. తాత ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, పెద్దోడి పిక్కలు మెచ్చుకుని, చిన్నోడు తల ఎక్కువ ఎగరేస్తున్నాడని పెదవి విరిచి, చివరికి అడిగాడు.

"ఈ ఇద్దర్నీ ఒకే కాడికే కడతారా, తాయీ?"

అవునన్నాను, పూర్తి నమ్మకంతో.

"అట్లయితే ఇడదీయొద్దు. జత ఇడదీస్తే రెండూ చెడతాయి. కొంటే రెండూ కొను, లేకుంటే సంతకే పోవద్దు."

ఆటగాళ్ళని ఎంచుకునే రోజు వచ్చింది. వాళ్ళకి రాత్రి, మనకి తెల్లవారుజాము. అత్త ఫిల్టరు కాఫీ పెట్టి, ఫోన్లో వినపడుతున్న అమెరికా మేనేజర్ గొంతు విని "దొర బాగానే మాట్లాడతాండాడే" అని మెచ్చుకుంది. (అప్పటినుంచి ఆయన మా ఇంట్లో దొరే.) నా వంతు రాగానే పెద్దోణ్ణి తీసుకున్నాను. మంచి ఎంపిక అని ఇద్దరు ముగ్గురు మెచ్చుకుంటూ రాశారు. ఆ తర్వాత మొదలైంది నా భయం. నా వంతు మళ్ళీ వచ్చేలోగా ఎవరైనా చిన్నోణ్ణి ఎత్తుకుపోతే జత విరిగిపోతుందే. మా కులదేవతకి మొక్కుకుని కూర్చున్నాను. అందరి వంతులూ అయ్యాయి, చిన్నోడు మిగిలే ఉన్నాడు. దేవత దయ అనుకుని గబుక్కున తీసుకున్నాను. ఎవరూ ఏమీ రాయలేదు. కాసేపటికి ఒక నవ్వు బొమ్మ వచ్చింది, దాని వెనక ఇంకొన్ని. నా తెలివికి ఆనందిస్తున్నారనుకుని నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టాను.

అసలు సంగతి సోమవారం ఆఫీసులో నా పక్క సీటు అన్న చెప్పాడు. అతను ప్రపంచంలోని ఆటలన్నీ చూస్తాడు. వాళ్ళిద్దరూ జత కాదట. ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటున్నవాళ్ళట. ఒకడు పరిగెత్తితే రెండోవాడు బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగుతాడట. ఒక ఉద్యోగానికి ఇద్దర్ని పెట్టుకున్నావు, అందులోనూ చిన్నోణ్ణి ఎవరూ అంత ముందుగా తీసుకోరు, ఆఖర్లో ఊరికే దొరికేవాడు అన్నాడు. నన్ను తెలియజేసుకోవడానికి వేసిన మొదటి అడుగులోనే ఇలా తెలిసిపోయాను. దానికి తోడు గురువారం కాల్‌లో నా ఎంపిక గురించి దొర ప్రత్యేకంగా అడుగుతాడని కాఫీ సార్ చెప్పి, నా మొహం చూడలేక వెళ్ళిపోయాడు. కాఫీకి పిలవలేదు, అదొక్కటే ఊరట.

ఆ మధ్యాహ్నం తాతకి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. వాళ్ళని ఒకే కాడికి కట్టరట తాతా, నేను తప్పుగా చెప్పాను, ఇప్పుడు వాళ్ళకేం చెప్పను, ఈ ఉద్యోగం నిలవదు అన్నాను. తాత అంతా విన్నాడు. వెనక ఎర్రోడి మెడగంట వినపడుతోంది.

"కవలపడొద్దు, దిగులొద్దు, తాయీ. మన ఇంట్లో ఉండేదే చెప్పు. లేంది చెప్తేనే సిగ్గు."

గురువారం వచ్చింది. దొర నవ్వుతూనే అడిగాడు, ఇందులో మాకు తెలియని ఎత్తు ఏదైనా ఉందా అని. మైకు తెరిచాను. ఆ చిన్న బొత్తాన్ని అన్ని నెలల్లో అదే మొదటిసారి నొక్కడం. మా తాతకి పందెం ఎద్దులున్నాయని మొదలుపెట్టాను. మేము జతని విడదీయం అని చెప్పాలి. దానికి ముందు కాడి గురించి చెప్పాలి. కాడిని ఇంగ్లీషులో ఏమంటారో ఎంత వెతికినా దొరకలేదు. "ఒక కర్ర, రెండు మెడలు" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. లైను తెగిందేమో, తెగితే బాగుండు అనుకున్నాను. తెగలేదు. సరే, మునిగాక చలేమిటని మైలోడి గాలి పరుగు, ఎర్రోడి నీరసం, మదురై పెద్దమనిషి తాగి వెళ్ళిన మజ్జిగతో సహా మొత్తం చెప్పేశాను. వీళ్ళిద్దరూ కూడా జతే అనుకుని తీసుకున్నానని, కాదని సోమవారమే తెలిసిందని ఒప్పుకున్నాను.

దొర నవ్వాడు. అందరూ నవ్వారు. అయితే అది ఆ నవ్వు బొమ్మల నవ్వు కాదు, ఆ తేడా నాకు అప్పుడే తెలిసింది. తర్వాత ఆయన, పాపమనిపించిందో ఏమో, అందరి ముందే ఒక బేరం పెట్టాడు. చిన్నోణ్ణి నాకిచ్చెయ్, నా జట్టులోంచి మంచి ఆటగాణ్ణి తీసుకో అన్నాడు. పక్క సీటు అన్న ఒప్పుకో ఒప్పుకో అని చేతులు ఊపుతున్నాడు. కాఫీ సార్ కళ్ళు మూసుకున్నాడు. లాభమైన బేరమని నాకూ అర్థమైంది. కానీ ఇంతసేపూ తాత గురించి చెప్పి, ఇప్పుడు ఏ మొహంతో ఒప్పుకుంటాను?

"మా ఇంట్లో ఒక్కదాన్ని అమ్మరు సార్" అన్నాను.

ఆ కాల్‌లో నేను మొదటిసారి మాట్లాడడమే గొప్పనుకుంటే, ఏకంగా కాదన్నాను.

ఆ ఏడాది నా జట్టు గతి అడగకండి. పెద్దోణ్ణి నమ్మి ఆడించిన వారం చిన్నోడు విజృంభించేవాడు. సరేనని చిన్నోణ్ణి దించితే పెద్దోడికి పాత బలం గుర్తొచ్చేది. మధ్యలో పెద్దోడి మడమ బెణికింది. చిన్నోడు కొన్నాళ్ళు బండి లాగాడు, అప్పుడు మాత్రం నా అంత తెలివైనది లేదని అందరూ అన్నారు. పెద్దోడు తిరిగొచ్చాక కథ మళ్ళీ మొదటికే వచ్చింది. ఎలాగైతేనేం, ఆఖరి స్థానం దక్కకుండా బయటపడ్డాను. (ఆఖరివాడు సగం సీజన్‌లో ఆట సంగతే మర్చిపోయాడు. అది వేరే విషయం.) కానీ ప్రతి గురువారం కాల్ మొదలవగానే దొర అడిగేవాడు, జత ఎలా ఉందని. జత గురించి చెబుతూ చెబుతూ బిల్లుల గురించి చెప్పడం, బిల్లుల్లో వాళ్ళు చేస్తున్న తప్పుల గురించి చెప్పడం కూడా వచ్చేసింది. పొంగల్ పండక్కి ముందు కాఫీ సార్ మళ్ళీ "కాఫీ తాగుదామా" అన్నాడు. గండమే అనుకుని వెళ్ళాను. ఈసారి కాఫీ రాకముందే ఉద్యోగం ఖాయమైందని చెప్పేశాడు. ఆయన కాఫీ వేడిగా తాగింది ఆఫీసు మొత్తంలో నేనొక్కదాన్నే.

ఇప్పుడు నేనూ టీమ్ లీడర్‌ని. కాల్‌లో నేను మొదలుపెడితే ఇతరులకి వంతు రావడం కష్టమని మావాళ్ళు గొణుక్కుంటారు. ఫాంటసీ ఫుట్‌బాల్ కూడా బాగా తెలిసింది. ఒకే కుర్చీకి కొట్టుకునే ఇద్దర్నీ అంత ముందుగా తీసుకోవడం ఎంత తెలివితక్కువో పాఠం చెప్పగలను. అయినా ఏటా తీసుకుంటాను. ఆగస్టు రాగానే పోటీ వార్తలన్నీ చదివి, ఎవరు వలపట, ఎవరు దాపట అని తాతకి ఫోన్లో చెప్పి, ఆయన సరేనన్న జతనే ఎంచుకుంటాను. మైలోడూ ఎర్రోడూ పందేలు మానేశారు. ఇప్పుడు చెరకు తోట గట్టున పక్కపక్కనే మేస్తున్నారు.

పోయిన ఆగస్టులో అమెరికా వైపు ఒక కొత్త కుర్రవాడు చేరాడు. ఆట తెలిసినవాడు. నేను ఒకణ్ణి తీసుకున్న కాసేపటికి అతని వంతు వచ్చింది. నా జతలో రెండోవాడి పేరు చదవబోయాడు. పోనీలే అనుకున్నాను, ఆట ఆటే కదా. ఇంతలో దొర గొంతు వినిపించింది. బాబూ, వాణ్ణి వదిలెయ్, వాడు కాడికి కట్టినవాడు అని, ఆ తర్వాత అచ్చం నా ఇంగ్లీషులో, నా యాసలోనే, "ఒక కర్ర, రెండు మెడలు" అన్నాడు. మిగతావాళ్ళంతా అవునవునన్నారు. కుర్రవాడికి ఏమీ అర్థం కాలేదు, అయినా ఇంకెవర్నో తీసుకున్నాడు. అందరూ నేనేదో అంటానని చూస్తున్నారు. నేను చాలా కాలం తర్వాత మైకు మూసేసి, ఎవరికీ కనపడకుండా తల ఊపుతూ కూర్చున్నాను.